తలుపు సందులో బూటు

కొత్లార్ వాళ్ళింట్లో పొద్దున్నే మొదట వినిపించేది కాఫీ గిన్నె చప్పుడు కాదు, "కిటికీ తీస్తున్నా!" అన్న కేక. సముద్రం వైపు కిటికీ ఎవరు తీసినా ఆ కేక వెయ్యాల్సిందే. వీధి తలుపు దగ్గరున్నవాళ్ళు "ఆగాగు, మూస్తున్నా!" అని తిరిగి అరిచి తలుపు వెయ్యాల్సిందే. జదార్ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఇదే తంతు. రెండు వైపులా ఒకేసారి తెరిస్తే మధ్యలో సందుగాలి కొడుతుంది. సందుగాలి తగిలితే మెడ పట్టేస్తుంది, చెవి పోటెత్తుతుంది, మూతి వంకరపోతుంది. మనుషులు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. కింది వాటాలో ఉండే ఫూమియా అత్తని అడిగితే అలా పోయినవాళ్ళ పేర్లు ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంది. ఆవిడ ఎండాకాలంలో కూడా మెడకి రుమాలు కట్టుకునే తిరుగుతుంది.

ఆ ఏడు జూన్‌లో ఆవిడ మేనల్లుడు దొనాత్ ఆట మానేసి ఇంటికొచ్చాడు. అప్పట్నుంచీ తలుపులూ కిటికీలూ అన్నీ వేసి ఉన్నా ఇంట్లో సందుగాలి కొట్టడం మొదలైంది.

దొనాత్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేనంత పొడుగు. ఇరవయ్యో ఏట బాస్కెట్‌బాల్ ఆడుకుంటూ ఊరు వదిలాడు. లుబ్లియానా, వరేసె, క్లైపెడా, కజాన్, ఇజ్మీర్, ఖార్కివ్, పాత్రాస్. ఎక్కడా రెండు మూడు సీజన్లకి మించి ఉండలేదు. భార్య నీవెస్ మొదట్లో అతని వెంటే తిరిగింది. పాప తొంకా పుట్టాక జదార్‌లోనే ఉండిపోయి ఒక మందుల షాపులో పనిలో చేరింది. అతను పూర్తిగా ఇంటికొచ్చినందుకు ఆమె సంతోషించింది. కాకపోతే ఒక్కడు వస్తాడనుకుంటే ఇన్ని ఊళ్ళు వచ్చాయి.

మొదటిరోజు కాఫీల దగ్గర బల్లమీది కాగితం రుమాళ్ళు లేచి వంటింట్లో ఒక చుట్టు తిరిగాయి.

ఫూమియా అత్త ముక్కు ఎగబీల్చింది. "ఇది మన గాలి కాదు. మన కొండగాలి, బుర అయితే కొండరాయి వాసన వేస్తుంది. ఇది బొగ్గు. తడిసిన ఉన్ని కూడా ఉంది."

"క్లైపెడా," అన్నాడు దొనాత్, రొట్టెకి అత్తిపండు జామ్ రాసుకుంటూ.

"తలుపు వేసి రాలేదా?"

"లేదత్తా."

"ఛీ! నిన్ను పెంచింది మనుషులేనా?" అని, రుమాలు ఇంకాస్త బిగించి కట్టుకుని, ఆవిడ తన కప్పు తీసుకుని అవతలి కుర్చీలోకి మారింది. దాని గురించి ఆ ఇంట్లో ఆరోజు జరిగిన చర్చ అంతే.

మొదటిసారి దొనాత్ కావాలని చేసింది కాదది. లుబ్లియానాలో సీజన్ అయిపోయి, రెండు చేతులా సంచులతో అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఏడాదంతా వాడి చింపేసిన ఎడమ బూటు జారి గుమ్మంలో పడింది. తలుపు దానికి తట్టుకుని సగంలో ఆగిపోయింది. రైలుకి టైమవుతోంది. వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ నెల తిరక్కుండా ఏజెంట్ ఫోన్ చేశాడు, ఇటలీలో వరేసె క్లబ్బువాళ్ళు పిలుస్తున్నారని. ఇక అప్పట్నుంచీ ఏ ఊరు వదిలినా ఆ ఊళ్ళో తొడిగిన ఎడమ బూటుని తలుపు సందులో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగేసేవాడు. తలుపు మూస్తే ఆ ఊరు అయిపోయినట్టు. తెరిచి ఉంచితే ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిచారు కూడా. ఆటగాళ్ళలో ఒకడు గెలిచినన్నాళ్ళూ గడ్డం గీయడు, ఇంకొకడు ఉతకని సాక్సులు దిండు కింద పెట్టుకుంటాడు. అందుకే తోటి ఆటగాళ్ళెవరూ ఇతని బూటు గురించి నవ్వలేదు. నవ్వితే తమవి చెప్పాల్సి వస్తుంది. ఇంటి ఓనర్లు కూడా అంత పెద్ద బూటు అక్కడుందంటే ఏదో కారణం ఉండే ఉంటుందని ముట్టుకోలేదు. తర్వాత అద్దెకొచ్చినవాళ్ళు దాన్ని దాటుకుంటూ తిరిగారు.

జూలైలో నీవెస్ కిటికీలు బిగించే మీలెని పిలిపించింది. ఆ ఊళ్ళో పెద్దమనుషులందర్నీ పిలిచినట్టే అతన్నీ అందరూ బార్బా అంటారు. మీలె బార్బా సిగరెట్ లైటర్ వెలిగించి ప్రతి ఫ్రేము అంచునా పట్టుకుని చూశాడు. మంట ఎక్కడా వణకలేదు. నడవలోకి వచ్చేసరికి మాత్రం అడ్డంగా వంగి, నడవ చివర సామాను గది వైపు చూపించింది. దొనాత్ ప్రయాణం సంచులన్నీ పేర్చి ఉన్నది ఆ గదిలోనే.

"నేను బిగించిన వాటిల్లో లోపం లేదమ్మాయ్," అన్నాడు బార్బా, నీవెస్‌తో. "ఇవి అవతలి వైపు నుంచి మూయాల్సిన తలుపులు. ఎన్ని వదిలేసి వచ్చావురా, దొనాత్?"

"ఆడిన ఊళ్ళన్నీ," అన్నాడు దొనాత్.

"భలేవాడివే. మా ఆవిడైతే ఒక్క కిటికీకే నన్ను ఇంట్లోంచి గెంటేసేది." లైటర్ ఆర్పి జేబులో వేసుకున్నాడు. తర్వాత మాట నవ్వకుండా అన్నాడు. "వచ్చే గాలి గురించి నాకు బెంగ లేదు. మహా అయితే జలుబు చేస్తుంది. ఇది పోతోంది చూడు, ఆ గదిలోకి. పోయేటప్పుడు వట్టి చేతుల్తో పోదు."

అన్నట్టే నీవెస్ ఆకుపచ్చ స్కార్ఫ్ కనబడకుండా పోయింది. ఇజ్మీర్‌లో పాత ఇంటి ఓనరు ఫోటో పంపాడు, మీదేనా అని. ఖాళీ గదిలో కుర్చీ మీద స్కార్ఫ్ చక్కగా పరుచుకుని ఉంది. "మీ ఆవిడని కట్టుకోమనండి," అని నీవెస్ జవాబు రాసింది. ఆగస్టులో పిల్లి పోయింది. అది పాత్రాస్‌లో తేలింది. అక్కడ అద్దెకున్న నర్సులు దానికి చేపలు పెడుతున్నారట, ఇక్కడికంటే ఒళ్ళు చేసిందట. తొంకా రెండు రోజులు ఏడ్చి ఊరుకుంది. ఆరేళ్ళ పిల్లకి ఆ గాలి ఒక ఆటైపోయింది. నువ్వుల రొట్టె వాసనొస్తే ఇజ్మీర్, పైన్ జిగురు వాసనొస్తే పాత్రాస్. పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఏ ఊరు నాన్నా?" అనేది.

నీవెస్‌కి మాత్రం ఆట సరదా తీరిపోయింది.

"ఫోన్లు చెయ్యి. ఎవరి తలుపు వాళ్ళని వేసుకోమను. ఎంతసేపు పని?"

"జనవరి దాకా ఆగు," అన్నాడు దొనాత్. "ఏజెంట్ మాట్లాడాడు. నికోసియాలో వాళ్ళకి పొడుగువాడు కావాలట. సగం సీజనే."

"నికోసియా! పొద్దున మంచం దిగడానికి గోడ పట్టుకుంటున్నావు. అక్కడ ఏం పట్టుకుంటావు, అవతలి టీమువాళ్ళనా?"

"ఒక్కసారి పిలవనీ, నీవెస్. తలుపులు మూస్తే ఇక పిలవరు."

"పిలవకపోతే ఏమవుతుంది?"

దొనాత్ బంతి తీసుకుని బయటికి నడిచాడు. ఇంటి వెనక, సిమెంటు స్థలంలో చిన్నప్పటి బాస్కెట్ ఇంకా ఉంది. అక్కడికెళ్ళి సాయంత్రం దాకా ఎడమచేత్తో హుక్ షాట్లు వేశాడు. క్లైపెడాలో నేర్చుకున్న షాటది. పది వేస్తే తొమ్మిది పడుతున్నాయి. మోకాలు మాత్రం ప్రతిసారీ కలుక్కుమంటోంది.

సెప్టెంబర్‌లో గాలి వాసన మారింది. భోజనాల దగ్గర ఫూమియా అత్త చెంచా కింద పెట్టేసింది. సున్నం పొడి, కాలిన గుడ్డ, తడి ఇటుక. మేనల్లుడి ముఖంలోకి చూడకుండా అంది.

"ఇది ఏ ఊరో నాకు చెప్పకు. తొంభై ఒకటి యుద్ధంలో ఈ ఇంట్లో కొట్టింది ఈ గాలే. నువ్వు కింద నేలమాళిగలో నా ఒళ్ళో ఉన్నావు."

అయినా తొంకా అడిగింది. "ఏ ఊరు నాన్నా?"

"ఖార్కివ్," అన్నాడు దొనాత్.

మిగతా గాలులు వచ్చిపోయేవి. ఈ గాలి రావడం తక్కువ, లాగడం ఎక్కువ. ఒక మధ్యాహ్నం దొనాత్ సోఫాలో కునుకు తీస్తుంటే నడవలోంచి తొంకా నవ్వు వినిపించింది.

"నాన్నా, చూడు చూడు! నడవకుండానే వెళ్తున్నా!"

కళ్ళు తెరిచాడు. పాప నడవ మధ్యలో రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, చేతులు చాపి నిలబడి ఉంది. అలా నిలబడే, టైల్స్ మీద నెమ్మదిగా, నున్నగా సామాను గది వైపు జారుతోంది. జుట్టంతా ముందుకి ఎగిరి ఆ గదినే చూపిస్తోంది. గది తలుపు తెరుచుకుని ఉంది. లోపల సంచులు కనబడటం లేదు, చీకటి మాత్రమే ఉంది. పాప మడమలు నేలనుంచి లేచాయి. దొనాత్ సోఫాలోంచి ఎలా లేచాడో అతనికే తెలియదు. గాల్లో ఉన్న బంతిని నలుగురి మధ్యలోంచి లాక్కున్నట్టు పిల్లని రెండు చేతులా లాక్కుని గుండెకి అదుముకున్నాడు. ఎర్ర బూటు ఒకటి కాలినుంచి ఊడి చీకట్లోకి పోయింది. పడిన చప్పుడు రాలేదు.

ఆ సాయంత్రమే నీవెస్ పాపని తీసుకుని షిబెనిక్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. మర్నాడు తిరిగొచ్చేసింది. అక్కడా పిల్ల జుట్టు లేచి, వాళ్ళ గోడ అలమర వైపు తిరిగిందట.

"నీ కూతురు కదా," అంది నీవెస్. "నువ్వు వదిలేసినవి దాన్ని వదుల్తాయా?"

దొనాత్ ఫోన్ తీసుకుని కూర్చున్నాడు.

క్లైపెడాలో ఓనరు మంచివాడు, అప్పటికప్పుడు వెళ్ళి బూటు లాగేసి తలుపు మూశాడు. ఫోన్లో ఆ చప్పుడు దొనాత్ విన్నాడు. వంటింట్లో బొగ్గు వాసన పోయింది. వెనక స్థలంలోకి వెళ్ళి ఎడమచేత్తో హుక్ షాట్ వేయబోతే చెయ్యి పైకి లేచింది గానీ, తర్వాత ఏం చెయ్యాలో దానికి తెలియలేదు. బంతి గోడ అవతల పడింది. పాత్రాస్ తలుపు మూసుకున్నాక అక్కడ చేయించుకున్న మోకాలి ఆపరేషన్ మచ్చ నున్నగా మాసిపోయింది, నొప్పితో సహా. పిల్లి మాత్రం అటే ఉండిపోయింది. ఇజ్మీర్, కజాన్, వరేసె, చివరికి లుబ్లియానా. తలుపు మూసుకున్న ప్రతిసారీ అతని ఒంట్లోంచి ఒక ఊరు లేచి వెళ్ళిపోయేది. ఏజెంట్ ఫోన్లు ఆగిపోయాయి. ఒకసారి ఇతనే చేస్తే, "దొనాత్... ఏ దొనాత్?" అన్నాడు అవతల, మర్యాదగానే.

ఖార్కివ్ ఇంటి ఓనరావిడ పేరు హలీనా. ఇప్పుడు పొల్తావాలో చెల్లెలి దగ్గరుంటోంది. అతని గొంతు వినగానే గుర్తుపట్టింది.

"ఆ ఇల్లు ఇక లేదు నాయనా. బాంబులకి ముందు గోడ పడిపోయింది, మెట్లు పడిపోయాయి. మూడో అంతస్తులో మీ తలుపొక్కటే దాని చట్రంలో నిలబడి ఉంది. నీ బూటు అందులోనే ఉంది. అంత జరిగినా కదల్లేదు చూడు."

"ఎవరైనా పైకెళ్ళి..."

"ఎలా వెళ్తారు? నిచ్చెన వెయ్యడానికి కూడా గోడ లేదు." ఆవిడే మళ్ళీ అందుకుంది. "మా మనవరాలు ఫోటో పంపింది. కింద రాళ్ళ గుట్ట మీద చిన్నపిల్లల బూటొకటి పడి ఉందట. ఎర్రది. మా బిల్డింగులో చిన్నపిల్లలు ఎవరూ లేరే, ఎవరిదా అనుకున్నాం."

దొనాత్ ఎవరిదో చెప్పలేదు. థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

మీలె బార్బా మళ్ళీ వచ్చి లైటర్ వెలిగించాడు. ఈసారి మంట వంగలేదు, తెగి గదిలోకి ఎగిరిపోయింది.

"అన్నీ మూయించావు, మంచిదే. కానీ అన్నిటి బలమూ ఇప్పుడు ఈ ఒక్కదానికే వచ్చింది." గది తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టాడు. సామాను సర్దుకుంటూ దొనాత్ కూర్చున్న కుర్చీ వైపు చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ మనిషి కింద కిర్రుమనని కుర్చీ లేదు ఆ ఇంట్లో. ఇప్పుడది కిక్కురుమనలేదు. "నువ్వు తేలికైపోతున్నావురా అబ్బాయ్."

"తెలుసు బార్బా."

"మీ ఆవిడకి చెప్పావా?"

"చెప్పక్కర్లేదు."

నిజంగానే చెప్పక్కర్లేదు. అంతకు రెండు రోజుల ముందు మందుల షాపులో అతను బరువు తూచుకుంటుంటే నీవెస్ కౌంటర్ వెనకనుంచి చూసింది. ముల్లు తొంకా బరువుకి కొంచెం పైన ఆగింది. నీవెస్ చేతిలో ఉన్న దగ్గుమందు సీసా మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. ఇంటికొచ్చాక అడిగింది ఒక్కటే.

"అంత గాలిలో ఆ తలుపు మూయడానికి నువ్వు సరిపోతావంటావా?"

"ఆ తలుపు నేను తెరిచిందే," అన్నాడు.

అక్టోబర్ మధ్యలో కొండమీదనుంచి బుర దిగింది. సముద్రం తెల్లగా పొగలెత్తింది. పడవలన్నీ గట్టుకి కట్టేశారు. ఇంట్లో అందరూ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. ఉడికించిన ఆకుకూర, బంగాళాదుంపలు, చేప. ఫూమియా అత్త చేపకి నూనె చాల్లేదని గొణుగుతోంది. తొంకా చెంచా బల్లమీద దానంతటదే జారి కిందపడింది. తర్వాత ఉప్పుగిన్నె. నడవలో బార్బా కొట్టిన చెక్కలు మేకులతో సహా ఊడి లోపలికి పోయాయి, ఒక్కటి కూడా ఇటు పడలేదు. తొంకా కుర్చీ వెనక్కి తిరిగింది.

"అత్తా, పిల్ల!" అన్నాడు దొనాత్.

ఫూమియా అత్త తన శాలువాతో తొంకాని ఒళ్ళోకి చుట్టేసి, కాళ్ళు బల్లకాళ్ళకి మెలివేసి కూర్చుంది. తొంభై ఒకటిలో ఎలా కూర్చుందో అలాగే. ఈసారి తొంకా నవ్వడం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. బల్ల కూడా కదలడం మొదలుపెట్టింది.

దొనాత్ వంగి బూట్లు తొడుక్కున్నాడు. నీవెస్ అతని కోటు తెచ్చి గుండీలు పెట్టింది, పైదాకా, మెడ దగ్గరది కూడా.

"తిరిగెలా వస్తావు?"

"ముందు మూయనీ."

"చలిగా ఉంటుందక్కడ."

"నీవెస్. వదులు."

ఆమె వదిలింది. అతను నడవలోకి అడుగుపెట్టి, సామాను గది గుమ్మం ముందు అలవాటుగా తల వంచాడు. తర్వాత ఆట మొదట్లో బంతి కోసం ఎగిరినట్టు ఎగిరాడు. ఒకప్పుడు జదార్ కుర్రాళ్ళందరూ వీధుల్లో అనుకరించిన దూకుడది. కాళ్ళు నేలకి తిరిగి రాలేదు. చీకట్లో కోటు ఒకసారి తెల్లగా కనబడింది, అంతే.

గాలి హోరుమంటూ ఉంది. దానిలోంచి ఏదో బరువైనది విసిరినట్టు వచ్చి, నడవ టైల్స్ మీద ఒకసారి ఎగిరి, నీవెస్ కాళ్ళ దగ్గర ఆగింది. సున్నం పట్టిన ఎడమ బూటు. ఆ వెంటనే ఎక్కడో ఒక తలుపు మూసుకుంది. చప్పుడు చాలా దూరంనుంచి వచ్చినట్టూ ఉంది, గదిలోనే అయినట్టూ ఉంది.

బయట బుర అరుస్తూనే ఉంది. లోపల ఏమీ కదల్లేదు. తొంకా జుట్టు భుజాల మీదికి వాలింది. సామాను గదిలో సంచులు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఫూమియా అత్త పిల్ల చెంపలు రుద్ది, "తిను," అంది. చెంచా తీసి చేతిలో పెట్టి, మళ్ళీ అంది.

వారం తర్వాత హలీనా ఫోన్ చేసింది. మనవరాలు చూసొచ్చిందట, మూడో అంతస్తు తలుపు మూసుకుని ఉందట. అంత పొడుగు మనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదట.

"ఇంకో సంగతి, అమ్మా. రాళ్ళ మీది ఆ చిన్న ఎర్రబూటు లేదట. ఎవరో తీసుకెళ్ళారు."

నీవెస్ ఫోన్ పెట్టేసింది. తర్వాత వీధి తలుపు తెరిచి, ఆ ఎడమ బూటుని సున్నం దులపకుండా సందులో పెట్టింది. సముద్రం వైపు కిటికీ కూడా తీసింది. కేక వెయ్యలేదు.

ఇప్పుడు ఊరు మొత్తంలో రెండు వైపులా తెరిచి ఉన్న ఇల్లు అదొక్కటే. చలికాలం వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆ బూటు చూసి కాలర్ పైకి లాక్కుని నడుస్తారు. మీలె బార్బా కూడా మూయమని చెప్పలేదు. తలుపు బుర గాలికి కొట్టుకోకుండా గోడకొక కొక్కెం బిగించి, కూలి తీసుకోకుండా వెళ్ళాడు.

పొద్దున్నే కాఫీల దగ్గర కాగితం రుమాళ్ళ మీద చెంచాలు బరువు పెడతారు. ఫూమియా అత్త మెడకి రెండు రుమాళ్ళు కట్టుకుని, సరిగ్గా గాలికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంటుంది. ఆ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వదు. తొంకా ఒంటి ఎర్రబూటు చేత్తో పట్టుకుని ఆవిడ మోకాళ్ళకి ఆనుకుంటుంది.

"ఇవాళ ఏ ఊరు, మామ్మా?"

ఆవిడ కళ్ళు మూసుకుని ముక్కు ఎగబీలుస్తుంది. సముద్రం. కొండరాయి. పక్కింటివాళ్ళు మాడ్చిన ఉల్లిపాయ.

"మనదే," అంటుంది. "తలుపు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి."